పని మొదలెట్టే ముందు ఒక ఫోటో

కుట్టుగది,
జూన్ 4.

అన్నయ్యకు,

నువ్వు క్షేమమని తలుస్తాను. మేము క్షేమం. ఆయన దవడ పూర్తిగా అతుక్కుంది. గట్టివి కూడా నములుతున్నారు.

ఈ ఉత్తరం లాప్‌టాప్ గురించి. నా ఎంబ్రాయిడరీ ప్రోగ్రాం పాతకాలంది, కొత్త కంప్యూటర్లో నడవదని చెప్పి, కొత్తదాని కడుపులో ఒక పాత కంప్యూటర్ పెట్టిచ్చావు గుర్తుందా? వర్చువల్ మిషన్ అని ఏదో పేరు చెప్పావు. నేను లోపలి మిషన్ అంటాను. అది నత్తనడక నడుస్తోంది. ప్రోగ్రాం తెరుచుకోవడానికి ఇరవై నిమిషాలు. నేను మౌస్ ఇటు జరిపితే బాణం కాసేపు ఆలోచించుకుని అటు పోతుంది. డిజైన్ మధ్యలో బిగుసుకుపోతే కుట్టు మిషన్ సూది ఒకేచోట పొడిచి పొడిచి గుడ్డ చించేస్తోంది.

స్కూలు చొక్కాలకి ఆరు వందల బాడ్జీలు కుట్టివ్వాలి. ఈ పని పోతే నాకు ఇంట్లోంచి బయటికి వెళ్ళే వంకే ఉండదు. దుకాణాల్లో చూపిద్దామంటే ఇలాంటిది ఎవరికీ అర్థం కావడం లేదు. పెట్టినవాడివి నువ్వు కాబట్టి అడుగుతున్నాను.

జవాబు ఇంటికి రాయకు. ఈ కవరు మీద ఉన్నది బాడ్జీలు తీసుకునే షాపు మేడం చిరునామా. అక్కడికే రాయి.

చెల్లి.

—

జైలు, మూడో బారక్,
జూన్ 11.

ఒసే దారపుండా,

పద్నాలుగు నెలలకి ఉత్తరం! విప్పే ముందు మూడుసార్లు వాసన చూశాను. తీరా చూస్తే మొదటి పేరాలో వాడి దవడ, రెండో పేరాలో లాప్‌టాప్. అన్నయ్య దవడ ఎలా ఉందని అడగాలనిపించలేదేం? బాగానే ఉంది. ముందుపన్ను మాత్రం లేదు. ఒకడు నా పళ్లెం లాక్కున్నాడు. నేను ఇవ్వలేదు. అదే పళ్లెంతో వాడు నా నోటి మీద కొట్టాడు, నేను వాడి వేలు విరిచాను. పళ్లెం మాత్రం నా దగ్గరే ఉంది.

సరే, రోగం సంగతి. లాప్‌టాప్ ఒక ఇల్లు అనుకో. లోపలి మిషన్ ఆ ఇంటికొచ్చిన అతిథి. అతిథికి సొంతంగా ఏమీ ఉండదు. తిండీ, చోటూ, కరెంటూ అన్నీ ఇంటివాళ్ళు పెట్టాల్సిందే. కాబట్టి మూడు చూడు. ఒకటి, చార్జరు పెట్టి పనిచేస్తున్నావా, ఊరికే బ్యాటరీ మీదా? రెండు, లోపలి మిషన్ ఆపేసి దాని సెట్టింగుల్లోకి వెళ్ళు, మెమరీ ఎంత ఇచ్చి ఉందో రాయి. మొత్తం ఇంటికి ఉన్నది ఎనిమిది జీబీ. మూడు, పక్కన ఇంకేమేం తెరిచి ఉంటున్నాయో చూడు.

ఇక్కడ ఉత్తరాలన్నీ ఒకాయన చదివి పంపుతాడు. మేము కళ్ళద్దాల సారు అంటాం. సార్, తమరు చదువుతున్నారని తెలుసు. ఇది పారిపోయే పథకం కాదు, కంప్యూటరు వైద్యం.

ఒక మాట అడుగుతాను. నీ అక్షరాలు ఎడమకి వాలిపోయాయేం? గుండ్రంగా ముత్యాల్లా రాసేదానివి. ఏ చేత్తో రాశావు?

అన్నయ్య.

—

కుట్టుగది,
జూన్ 20.

అన్నయ్యకు,

పన్ను సంగతి చదివి బాధ కలిగింది. పళ్లెం కోసం పన్ను పోగొట్టుకునేవాణ్ణి నిన్నే చూశాను.

నువ్వడిగినవి. చార్జరు లేదు. దాని వైరు గోడ దగ్గర తెగింది. అందుకని బ్యాటరీ మీదే చేస్తూ, అయిపోయినప్పుడు మేడం దగ్గర ఎక్కించుకొస్తున్నాను. ఎనిమిదిలో లోపలి మిషన్‌కి ఏడు ఇచ్చి ఉంది. ఇచ్చింది నేనే. నెమ్మదిగా ఉంది కదా, ఎక్కువ పెడితే పరుగెత్తుతుందని పెంచాను. పెంచాక ఇంకా మొరాయించింది. పక్కన ఏమీ తెరవడం లేదు.

కుడి మణికట్టు బెణికింది. నీళ్ళ బకెట్టు ఎత్తబోయి. అందుకని ఎడమచేత్తో రాస్తున్నాను. అంతే.

చెల్లి.

—

జైలు, మూడో బారక్,
జూలై 2.

దారపుండా,

అతిథికి అన్నమంతా వడ్డించేసి ఇంటివాళ్ళని పస్తు పడుకోబెడితే, రెండో పూట ఆ అతిథికి వండేదెవరు? ఏడు ఇచ్చావు సరే, ఇంటికి మిగిలింది ఒకటి. ఇల్లు కుప్పకూలితే అతిథీ కూలతాడు. నాలుగుకి తగ్గించు. చార్జరు లేకపోతే లాప్‌టాప్ ఓపిక దాచుకోవడానికి కావాలని నెమ్మదిగా నడుస్తుంది. ఎలాగైనా ఒక చార్జరు సంపాదించు. తర్వాత లోపలి మిషన్‌లో డిస్కు ఎంత ఖాళీ ఉందో చూడు. అన్నిటికన్నా ముందు మొత్తం ఒక బయటి డిస్కులోకి నకలు తీసుకో. నకలు లేకుండా వైద్యం మొదలెట్టకూడదు.

వైరు గోడ దగ్గర దానంతటదే తెగదు. ముప్ఫై ఏళ్ళుగా వైర్లు చూస్తున్నాను. తొక్కితే నలుగుతుంది, ఎలుక కొరికితే పోగులు లేస్తాయి, లాగితేనే గోడ దగ్గర తెగుతుంది. ఎవరు లాగారు?

బకెట్టు ఎత్తి చెయ్యి బెణికింది. అప్పుడు మెట్ల మీద జారి మొహం వాచింది. నేనిక దాచుకోను, అడిగేస్తాను. ఆ రోజు నేను మీ ఇంటికొచ్చేసరికి నీ ఎడమ కన్ను మూసుకుపోయి ఉంది. మోచేతి మీద ఇస్త్రీ పెట్టె మొన ఆకారంలో చర్మం లేచిపోయి ఉంది. ఆ ఇస్త్రీ పెట్టె ఇంకా వేడిగానే ఉంది. దాంతోనే వాడి మొహం మీద కొట్టాను. ఒకసారి కాదు, వాడు పడ్డాక కూడా కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది, దాచడం దేనికి, బాగానే ఉంటుంది. నువ్వు కోర్టులో నిలబడి ఏమన్నావు? "నేను మెట్ల మీద జారిపడ్డాను. ఆయన నన్ను ఏమీ అనలేదు. అన్నయ్య వచ్చి ఊరికే కొట్టాడు." వాడి లాయరు కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్నాడు. కోర్టంతా నవ్వింది. నాకు మూడేళ్ళు.

మెట్లేమిటే? మీ ఇంట్లో మెట్లే లేవు కదా! ఒక గడప, ఒక వంటగది, ఒక కుట్టుగది. ఎక్కడ జారావు?

నిన్నటిదాకా వారం రోజులు ఒంటరి గదిలో ఉన్నాను. నీ ఉత్తరం ఒకడు నా దిండు కింద నుంచి తీసి పైకి చదివాడు. బకెట్టు మాట దగ్గరకొచ్చి నవ్వాడు. వాడి తల గోడకేసి కొట్టాను. అందుకే జవాబు ఆలస్యం.

అన్నయ్య.

—

కుట్టుగది,
జూలై 13.

అన్నయ్యకు,

నువ్వడిగిన వాటికి వరసగా.

మెమరీ నాలుగు చేశాను. మేడం తన పాత చార్జరు ఇచ్చింది, సరిపోయింది. ఇరవై నిమిషాలది ఎనిమిదికి వచ్చింది. కానీ కాసేపటికి మళ్ళీ ఈడుస్తోంది. లోపలి డిస్కు నలభైలో ఖాళీ దాదాపు లేదు, గీత మొత్తం ఎర్రగా ఉంది. వెతికితే 'కెమెరా' అనే ఒక్క ఫోల్డరే ఇరవై ఏడు తింటోంది. అదేమిటో తెలియదు. బయటి డిస్కు లేదు. కొనాలంటే ఆయన్ని అడగాలి. అడగను. కాబట్టి నకలు తియ్యలేదు.

మెట్లు లేవు. నిజమే. కోర్టులో ఎవరూ ఇల్లు చూడలేదు, ఎవరూ అడగలేదు. ముందురోజు ఆయన కట్లు కట్టిన మూతితో పలక మీద రాసి చూపించారు. నువ్వు నిజం చెప్తే మీ అన్న బయటికొస్తాడు, వచ్చిన రోజున నేను లోపలికి పోతాను, ఎందుకు పోతానో నువ్వే ఊహించుకో అని. నువ్వు లోపల ఉంటే బతికుంటావని అనుకున్నాను. నన్ను తిట్టుకో. కానీ ఊరికే చెప్పాననుకోకు.

ఇంకొకటి. నువ్వు ఆయన్ని కొడుతున్నప్పుడు ఆపమని నీ చొక్కా పట్టుకుని లాగాను. నన్ను కూడా మోచేత్తో నెట్టేశావు. నీకు గుర్తుండదు. నువ్వు ఎవర్ని కొడుతున్నావో కూడా నీకు గుర్తులేదప్పుడు.

బాడ్జీలు రెండు వందలయ్యాయి. నిన్న ఆలస్యమైందని ఆయన లాప్‌టాప్ మూత నా వేళ్ళ మీద వేసి నొక్కారు. మూతకి ఏమీ కాలేదు.

చెల్లి.

—

జైలు, మూడో బారక్,
జూలై 20.

దారపుండా,

ఉత్తరం చదివాను. మోచెయ్యి సంగతి నాకు నిజంగా గుర్తులేదు. దానికి జవాబు ఇప్పుడు రాయలేను. చేతకావడం లేదు. చేతనైన పని గురించి రాస్తాను.

నీ రోగం దొరికింది. డిస్కు నిండా చెత్త పేరుకుంటే లోపలి మిషన్‌కి ఊపిరాడదు. 'కెమెరా' అంటున్నావు, నీకు కెమెరాతో పనేముంది? కుట్టిన బాడ్జీ మేడంకి ఇంటినుంచే చూపిస్తావని దాన్ని లోపలి మిషన్‌కి తగిలించాను, అంతే కదా. దానంతటదే ఏదో పోగేసి ఉంటుంది. ఆ ఫోల్డర్ మొత్తం పీకి పారెయ్యి. చెత్తబుట్ట కూడా ఖాళీ చెయ్యి, లేకపోతే చోటు రాదు. మళ్ళీ గుర్రంలా పరుగెత్తకపోతే నా పేరు మార్చుకుంటాను.

ఇంకో అనుమానం. పెట్టిచ్చిన రోజున చెప్పాను, రోజూ పని మొదలెట్టే ముందు ఒక ఫోటో తియ్యి అని. తీస్తున్నావా? ఆ ఫోటోలు మరీ ఎక్కువైనా బండి ఈడుస్తుంది. ఎన్ని ఉన్నాయో రాయి.

అన్నయ్య.

—

కుట్టుగది,
జూలై 28.

అన్నయ్యా,

ఈ ఆదివారం కుదరదు, బాడ్జీలున్నాయి. ఆగస్టు తొమ్మిది ఆదివారం అతనికి బస్సు డిపోలో డ్యూటీ. ఆ రోజు తీరిగ్గా కూర్చుని, నువ్వు చెప్పినట్టే చెత్తంతా పీకేస్తాను.

ఫోటో అడిగావు. నువ్వు చెప్పిన రోజు నుంచి ఒక్క పనిరోజు కూడా తప్పలేదు. జ్వరంలో కూడా తీశాను. పొద్దున లోపలి మిషన్ తెరవగానే కెమెరా బొమ్మ నొక్కడం, పైన ఉన్న గాజుకంట్లోకి చూడడం, ఎర్ర బొత్తాం నొక్కడం, పదంకెలు లెక్కపెట్టి మళ్ళీ నొక్కడం. ఎన్ని ఉన్నాయో తెలియదు. తీసినవి ఎక్కడికి పోతాయో నాకు తెలియదు, నేనెప్పుడూ చూసుకోలేదు.

ఎప్పటినుంచో అడగాలనుకుని, నవ్వుతావని అడగలేదు. నా మొహం చూస్తే మిషన్‌కి ఏం ఒరుగుతుంది? నేనేనా కాదా అని చూసుకుంటుందా? కన్ను వాచిన రోజున గుర్తుపట్టదేమోనని భయపడేదాన్ని. కానీ తెరుచుకునేది.

చెల్లి.

—

జైలు, మూడో బారక్,
ఆగస్టు 3.

ముట్టుకోకు.

ఆ ఫోల్డర్ చెరపకు. చెత్తబుట్ట ఖాళీ చెయ్యకు. నేను రాసింది తప్పు, నా తప్పు, మొత్తం నాదే. ఫోటో అంటే నీ మొహం ఫోటో కాదే పిచ్చిదానా! లోపలి మిషన్ ఫోటో! ఆ రోజుకి అది ఎలా ఉందో అలాగే నిలబెట్టి దాచుకుంటే, రేపు చెడిపోయినా నిన్నటికి వెనక్కి వెళ్ళొచ్చు. దానికొక ఇంగ్లీషు పేరుంది, నీకు బెదురెందుకని ఫోటో అన్నాను. నువ్వు రెండేళ్ళుగా రోజూ పొద్దున నీ మొహం తీస్తున్నావు. ఎర్ర బొత్తాం నొక్కావంటే అవి ఫోటోలు కూడా కావు, సినిమాలు. అందుకే ఇరవై ఏడు తింటోంది.

తేదీలతో సహా ఉంటాయి. ప్రతి దెబ్బా. కోర్టుకి ముందువీ, తర్వాతవీ. అర్థమైందా?

సార్, కళ్ళద్దాల సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఇది ఇవాళే పంపండి. ఆదివారం లోపల చేరాలి.

అన్నయ్య.

అంచున ఎర్ర సిరాతో: "నిలిపివేయడమైనది. 'లోపలి మిషన్', 'వెనక్కి వెళ్ళొచ్చు', 'ఆదివారం లోపల' అన్న మాటలకు ఖైదీ వివరణ కావాలి. వివరణ తీసుకొని విడుదల, ఆగస్టు 14."

—

మేడం గారి మేడగది,
ఆగస్టు 17.

అన్నయ్యా,

నీ 'ముట్టుకోకు' ఇవాళ పొద్దున అందింది. ఆదివారం గడిచి ఎనిమిది రోజులైంది. కంగారుపడకు, మొత్తం చదువు.

ఆ ఆదివారం చెరుపుదామనే కూర్చున్నాను. ఫోల్డర్ తెరుచుకోవడానికే పావుగంట పట్టింది. ఆ పావుగంట పట్టకపోతే, నువ్వు చెప్పినట్టు పేరు మీద నొక్కి చూడకుండానే పీకేసేదాన్ని. తెరుచుకుంది కదా అని చూశాను. చిన్న చిన్న గళ్ళు. ప్రతి గడిలో నేను.

ఒకటి నొక్కాను. కదిలింది. నేను గాజుకంట్లోకి చూస్తూ పెదాలతో అంకెలు లెక్కపెడుతున్నాను. ఇంకొకటి నొక్కాను. ఇంకొకటి. మొదటి రోజుల్లో జడ వేసుకుని, పౌడరు రాసుకుని, నిజంగా ఫోటోకి కూర్చున్నట్టు కూర్చున్నాను. తర్వాత చెంప మీద నాలుగు వేళ్ళు. తర్వాత పెదవి చీలి ఉంది. మెడ విరిగినట్టు పక్కకి పెట్టుకున్న వారం ఒకటి ఉంది, అప్పుడు మెడ పట్టేసిందని అందరికీ చెప్పాను, నేనూ నమ్మాను. ఇస్త్రీ పెట్టె రోజున కన్ను లేదు, ఉన్నచోట ఊదారంగు ముద్ద ఉంది. దాంట్లో కూడా అంకెలు లెక్కపెడుతున్నాను, ఒకటి, రెండు, మూడు. కొన్నిట్లో వెనక గదిలోంచి వాడి గొంతు వినిపిస్తోంది. ఏమంటున్నాడో నీకు రాయను. కోర్టు వింటుంది.

అన్నయ్యా, నేను అద్దం ముందు కూడా అంతసేపు ఎప్పుడూ నిలబడలేదు. దెబ్బ తగిలిన రోజున అద్దం చూసుకోను. రేపటికి తగ్గుతుందనుకుంటాను, తగ్గుతుంది, మర్చిపోతాను. ఒక్కొక్క దెబ్బనీ విడిగా మర్చిపోయాను. వరసగా పెట్టి చూపిస్తే మర్చిపోవడం కుదరలేదు. మధ్యాహ్నం మూడింటికల్లా నాకు ఏడుపు అయిపోయి కోపం వచ్చింది. నాకు కోపం వస్తుందని నాకే తెలియదు.

మంగళవారం మేడం దగ్గర డిస్కు తెచ్చాను. దారం చుట్టే పెద్ద అట్ట కోను లోపల బోలుగా ఉంటుంది కదా, దాంట్లో పెట్టి తెచ్చాను. మధ్యాహ్నం నకలు పెట్టాను. నీ మిషన్ సంగతి తెలిసిందే, ఐదు గంటలు తీసుకుంది. సాయంత్రం ఇంకా నాలుగు నిమిషాలు అని చూపిస్తుండగా వాడు గంట ముందే వచ్చాడు.

కుట్టుగదిలోకి అడుగుపెడితే డిస్కు కనపడుతుంది. నేను వంటగదిలోకి వెళ్ళి, వాడు మొహం కడుక్కుంటుండగా అన్నాను, "ఇంట్లో మెట్లు లేవు కదా, నేనెక్కడ జారాను?" అని. ఇంతే అన్నాను. వాడు చెంబు విసిరాడు. తర్వాత జుట్టు పట్టుకున్నాడు. నేను ఆపలేదు, ఇంకా అన్నాను. గిన్నెల అలమర మీదకి తోశాడు, అలమర మొత్తం నా మీద పడింది. పక్కలో తన్నాడు. పక్కటెముక పుటుక్కుమంది, ఆ చప్పుడు నీకు బాగా తెలిసిందే, నాకు మాత్రం అస్సలు బాగాలేదు. నేను అంకెలు లెక్కపెట్టుకుంటూ ఉన్నాను. రోజూ అలవాటే కదా. నాలుగు నిమిషాలకి సరిపడా తిన్నాను. కానీ ఆ మిషన్‌కి నాలుగంటే తొమ్మిది. తొమ్మిదికీ తిన్నాను.

అలిసిపోయి నీళ్ళు తాగడానికి తిరిగాడు. కుట్టుగదిలోకి పాక్కుంటూ వెళ్ళాను. 'పూర్తయింది' అని ఉంది. డిస్కు పీకి కోనులో వేశాను. వాడు వెనకాలే వచ్చి లాప్‌టాప్ ఎత్తి నేలకేసి కొట్టాడు. తర్వాత ఇస్త్రీ పెట్టె తీసుకుని దాని మీద కొట్టాడు. తెర పగిలింది, అక్షరాల పలక విరిగి బొత్తాలన్నీ గదినిండా ఎగిరాయి. "ఇప్పుడేం చేస్తావు, ఏం చేస్తావే?" అని అరుస్తున్నాడు. నేను దారం కోను చేతిలో పట్టుకుని, "మేడంకి దారం ఇచ్చి రావాలి" అన్నాను. వాడికి నవ్వొచ్చింది. పొమ్మన్నాడు.

వెళ్ళాను. మళ్ళీ వెళ్ళలేదు.

మేడం తన ఇంటి పైగది ఇచ్చింది. డిస్కు నకళ్ళు మేడం కుదిర్చిన లాయరమ్మ దగ్గర ఒకటి, పోలీసుల దగ్గర ఒకటి, మేడం బీరువాలో ఒకటి. నకలు లేకుండా వైద్యం మొదలెట్టకూడదన్నావు కదా. నిన్న పొద్దున వాణ్ణి డిపోలోనే పట్టుకున్నారు.

ఇక్కడ నిజంగానే మెట్లున్నాయి. పద్నాలుగు. విరిగిన పక్కటెముకతో రోజూ ఎక్కి దిగుతున్నాను. ఒక్కసారి కూడా జారలేదు.

చెల్లి.

—

జైలు, మూడో బారక్,
ఆగస్టు 25.

నా చెల్లికి,

మొదటి ఉత్తరంలో ఆయన. తర్వాత ఒకసారి అతను. ఇప్పుడు వాడు. చదువుతూ నేను గమనించాను. ఈ మూడు మాటల మధ్య దూరం నువ్వు ఒక్కదానివే నడిచావు.

కళ్ళద్దాల సారు నన్ను పిలిచి లోపలి మిషన్ అంటే ఏమిటో చెప్పమన్నాడు. గంటసేపు చెప్పాను. తన లాప్‌టాప్ కూడా నెమ్మదిగా ఉందన్నాడు, అది వేరే సంగతి. నీ పోయిన ఉత్తరం నాకిచ్చేటప్పుడు నా వైపు చూడలేదు. కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "మా అమ్మాయి కూడా ఫోన్లో ఎప్పుడూ బాగున్నాననే చెప్తుంది" అన్నాడు. మర్నాడు సెలవు పెట్టి వెళ్ళాడు.

తొమ్మిది నిమిషాలు! వాడు ఏ జైలుకొస్తాడో కనుక్కుంటాను. ఇక్కడికే వస్తే ఇక్కడే, రాకపోతే నేను బయటికొచ్చిన రోజే. ఈసారి దవడతో ఆపను. ఒక్కొక్క నిమిషానికి ఒక్కొక్క ఎముక. ఇది చదివి సారు ఎర్ర సిరా పెట్టినా సరే. చెల్లికి ఇంత జరిగితే అన్న అన్నవాడు చేతులు ముడుచుకు కూర్చుంటాడా?

అన్నయ్య.

—

మేడం గారి మేడగది,
అక్టోబర్ 9.

అన్నయ్యా,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయకపోవడానికి పని ఒత్తిడి కారణం కాదు. చదివి భయమేసింది. వాడి గొంతు వినిపించినట్టే అనిపించింది. కోపం తెచ్చుకోకు, నిజం చెప్తున్నాను. ఒకసారి అబద్ధం చెప్పి నిన్ను మూడేళ్ళు లోపల పెట్టాను, మళ్ళీ చెప్పను.

నిన్న కోర్టులో నిలబడ్డాను. "అప్పుడు మెట్ల మీద జారిపడ్డానన్నారు కదా" అని అడిగారు. మా ఇంట్లో మెట్లు లేవండీ అన్నాను. జడ్జిగారు పెన్ను కింద పెట్టారు. తర్వాత ఆ సినిమాలన్నీ గోడ మీద వరసగా వేశారు. ఎవరూ నవ్వలేదు. వాడు తల దించుకుని వాచీ చూసుకున్నాడు. అబద్ధం చెప్పినందుకు నా మీదా కేసు రావచ్చట. రానీ. నీ కేసు మళ్ళీ తెరుస్తారట. లాయరమ్మ మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను, "శిక్ష తగ్గొచ్చు, కానీ మీ అన్నయ్య పడిపోయినవాణ్ణి కూడా కొట్టాడు, అది మాత్రం పోదు."

దీంతో ఒక ఫోటో పంపుతున్నాను. ఇది అసలైన ఫోటో, అచ్చు వేయించాను. ఇస్త్రీ పెట్టె రోజుది. ముందు నా మొహం ఉంది, దాన్ని చూడకు, చేత్తో కప్పెయ్యి. నా భుజం వెనక గుమ్మం చూడు. ఎవరొస్తున్నారు? భుజాన పనిముట్ల సంచి, చేతిలో నాకోసం తెచ్చిన కొత్త మౌస్ డబ్బా. నన్ను బెదరగొట్టాలని చప్పుడు చెయ్యకుండా, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ వస్తున్నావు. నువ్వింకా నా మొహం చూడలేదు.

నాకు కావలసిన అన్నయ్య వీడే. ఇంకొక్క నిమిషానికి నేను తిరిగాను, వీడు పోయాడు. నీ మిషన్‌కైతే నిన్నటికి వెళ్ళే దారుంది, మనకి లేదు. కానీ నువ్వూ రోజూ పని మొదలెట్టే ముందు నీ మొహం ఒకసారి చూసుకో. పదంకెలు లెక్కపెట్టు. చాలు.

మేడం కొత్త లాప్‌టాప్ ఇప్పించింది. లోపలి మిషన్ పెట్టేవాళ్ళు ఇక్కడెవరూ లేరు. నువ్వొచ్చే వరకూ చేత్తో కుడతాను.

నీ దారపుండ.

—

జైలు, మూడో బారక్,
అక్టోబర్ 16.

దారపుండా,

ఫోటో అందింది. చేత్తో కప్పుకునే చూస్తున్నాను. ఒకసారి చెయ్యి తీసి చూశాను. అప్పుడు నీ చెయ్యి నా చొక్కా లాగడం గుర్తొచ్చింది. నా మోచెయ్యి కూడా గుర్తొచ్చింది. నన్ను క్షమించు.

ఇక్కడ అద్దాలు ఇవ్వరు. పళ్లెం అడుగు రుద్ది రుద్ది మెరిపించాను. రోజూ పొద్దున దాంట్లో చూసుకుని పది లెక్కపెడుతున్నాను. మొదటి రోజు మూడు దాటలేకపోయాను. అంత ఘోరంగా ఉంది మొహం.

ఇవాళ ఆ వేలు విరిగినవాడు మళ్ళీ వచ్చి పళ్లెం లాక్కున్నాడు. బారక్ అంతా చుట్టూ మూగింది, మళ్ళీ రక్తం చూద్దామని. నా చెయ్యి లేచింది. పది దాకా లెక్కపెట్టాను. తర్వాత, "నీ పళ్లెం మెరవడం లేదు, నాదే తీసుకో" అన్నాను. వాడికి ఏం చెయ్యాలో తెలియక దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తన మొహం కనపడేసరికి ఆగిపోయాడు.

ఇప్పుడు నా దగ్గర వాడి సొట్టల పళ్లెం ఉంది. రేపటినుంచి దాన్ని రుద్దాలి. కొత్త లాప్‌టాప్ మెమరీ ఎంతో రాయి. అతిథికి సగం మించి ఇవ్వకు.

అన్నయ్య.